డైవర్ ప్రాణం గట్టు మీదే ఉంది

‘గల్లంతైన వారి కోసం గజ ఈతగాళ్లు గాలిస్తున్నారు.’ వానాకాలం వచ్చిందంటే మన పత్రికల్లో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. ఆ వార్త పక్కన వేసే ఫొటోను ఈసారి కాస్త పరీక్షగా చూడండి. నీటిలో పడవ, గట్టున జనం, పోలీసులు కట్టిన తాడు, గుండెలు బాదుకుంటున్న బంధువులు. వాళ్ల కాళ్ల దగ్గర ఓ మూల బురదలో నిలబెట్టిన రెండు మూడు సిలిండర్లు. అందరి చూపూ నీటి మీదే ఉంటుంది, సిలిండర్ల వైపు ఎవరూ చూడరు. నీటి అడుగున వెతుకుతున్న మనిషి ప్రాణం ఉన్నది మాత్రం వాటిలోనే. ఆ సిలిండర్లు గట్టున ఎలా ఉన్నాయి? ఎవరి అధీనంలో ఉన్నాయి? వాటిలో ఏముంది? ఈ మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు దొరకని చోట డైవర్‌ను నీటిలోకి దించకూడదు.

నౌకాదళంలో డైవర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందాక, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా అబ్బాయికి ఇచ్చిన రైల్వే క్వార్టర్‌లో ఉంటున్నాను. డైవింగ్ గురించి రాయడానికి ఇది వింత చోటనిపించవచ్చు. ఇక్కడ సముద్రం లేదు. ఉన్నది రైల్వే వర్క్‌షాప్, రైలు కూతలు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు. కానీ ఊరికీ మేదినీపూర్‌కూ నడుమ కంగ్సబతి నది పారుతుంది, చుట్టూ లెక్కలేనన్ని చెరువులున్నాయి. మరో సంగతి: గాలిని లోహపు పాత్రలో బంధించి పని చేయించుకోవడం ఈ ఊరికి తరతరాల విద్య. డైవింగ్ సిలిండర్ గురించి చెప్పడానికి రైల్వే ఊరికంటే మంచి చోటు నాకు దొరకలేదు.

రైలు బ్రేకుకు నలభై రెట్లు

మన రైళ్లు గాలి బ్రేకులతో ఆగుతాయి. బోగీల కింద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉండే బ్రేకు పైపులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. వందల టన్నుల రైలును అదుపులో పెట్టడానికి ఆ పీడనం చాలు. డైవర్ వీపున మోసే సిలిండర్‌లో గాలి పీడనం దానికి సుమారు నలభై రెట్లు. సాధారణంగా వాడే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం 11 లీటర్లు. అందులో 200 బార్ల పీడనంతో 2,200 లీటర్ల గాలిని కుక్కుతారు. ఖాళీ సిలిండర్ దాదాపు 14 కిలోలుంటే, నింపిన గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది.

ఆ గాలిలో దాగిన శక్తిని లెక్కగడితే నాలుగు లక్షల జౌళ్లకు పైమాటే. ఒక టన్ను బరువును పదిహేను అంతస్తుల ఎత్తుకు లేపడానికి కావలసినంత శక్తి అన్నమాట. అయితే దీన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. సరిగ్గా తయారై, గడువులోగా పరీక్ష జరిగిన సిలిండర్ పేలడం చాలా అరుదు. గట్టున ఎక్కువగా జరిగేవి చిన్నవిగా కనిపించే ప్రమాదాలు. సిలిండర్ పడి పాదం చితకడం, వేళ్లు నలగడం, వాల్వు వంగడం, సగం ఖాళీ అయిన సిలిండర్‌ను నిండుదనుకుని తగిలించుకోవడం ఈ కోవలోవి. నీటి కింద ఒక మనిషి చనిపోవడానికి చివరి రెండూ చాలు.

‘దీనికి టోపీ లేదేటి?’

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లకు పైగా గ్యాస్ కటింగ్ చేసిన మనిషి. మా ఇంట్లో నా పాత డైవింగ్ సిలిండర్ చూడగానే ఆయన అడిగిన మొదటి మాట: ‘‘ఏటి బాబూ, దీనికి టోపీ లేదేటి?’’

ఆ ఒక్క ప్రశ్నలో అసలు సంగతంతా ఉంది. వెల్డింగ్ సిలిండర్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకెళ్లేటప్పుడు వాల్వు మీద ఉక్కు టోపీ బిగిస్తారు. సిలిండర్ పడినా దెబ్బ టోపీ మీద పడుతుంది, వాల్వు మీద పడదు. డైవింగ్ సిలిండర్‌కు ఆ రక్ష ఉండదు. ఇత్తడి వాల్వు బయటికే ఉంటుంది. అందుకే మా శిక్షణలో మొదటి రోజే నేర్పే పాఠం, పట్టుకుని నిలబడే మనిషి లేకుండా సిలిండర్‌ను నిలబెట్టకూడదన్నది. పడుకోబెట్టాలి, లేదా స్టాండులో పెట్టి పట్టీతో బిగించాలి. పడవలో అయితే అంచు వెంట చేసిన గూళ్లలో నిలబెట్టి రబ్బరు తాళ్లతో కట్టాలి. పడవ ఒక్కసారి ఒరిగితే కట్టని సిలిండర్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

నది గట్టు చదునుగా ఉండదు. వాలుకు అడ్డంగా పెట్టిన సిలిండర్ దొర్లుతుంది. వాలు వెంట పొడవుగా, వాల్వు పైవైపు ఉండేలా పెట్టి, అటూ ఇటూ ఇసుక బస్తాలు ఆనించాలి. కింద గోనెపట్టా పరిస్తే వాల్వు నోట్లోకి బురద, ఇసుక చేరవు. రెగ్యులేటర్ బిగించే ముందు వాల్వును క్షణంపాటు కొద్దిగా తెరిచి మూయాలి. నోట్లో చిక్కుకున్న నలుసులు, నీటి చుక్కలు బయటికి ఎగిరిపోతాయి. తర్వాత వాల్వును నిదానంగా తిప్పాలి. గేజి అద్దాన్ని మనకూ పక్కవాళ్లకూ ఎదురుగా కాకుండా పక్కకు తిప్పి పట్టుకోవాలి. రెగ్యులేటర్ గొట్టం పట్టుకుని సిలిండర్‌ను ఎత్తడం బిడ్డను చెవి పట్టుకుని లేపినట్టే. వాల్వు మెడనో, దానికి బిగించిన పిడినో పట్టుకోవాలి.

ఆ మధ్య ఒక చెరువు గట్టున గాలింపు చూశాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో, జనం తొక్కిసలాట మధ్య నాలుగు సిలిండర్లు నిలబెట్టి ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్లు వాటిని ఆనుకుని ఫోన్లలో వీడియో తీస్తున్నారు. బృందంలో ఒకరిని పిలిచి ‘‘తమ్ముడూ, ఇందులో నిండువి ఏవి?’’ అని అడిగితే, ఆయన ఒక్కోదాన్ని చేత్తో తట్టి చూశాడు. తడితే తెలిసేది కొబ్బరికాయ సంగతి, సిలిండర్ సంగతి కాదు.

ఎండ విషయమూ అంతే. 27 డిగ్రీల దగ్గర 200 బార్లున్న సిలిండర్ 65 డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం 225 బార్లకు చేరుతుంది. ఎండలో తలుపులు బిగించి నిలిపిన వాహనంలో లోహం వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. చెట్టు నీడ లేకపోతే తడి గోనెసంచులు కప్పాలి. వాహనంలో కట్టకుండా వదిలేస్తే, డ్రైవరు గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో దాదాపు 17 కిలోల లోహం మనుషుల మీదికి దూసుకొస్తుంది.

అది ‘ఆక్సిజన్ సిలిండర్’ కాదు

వార్తల్లో తరచూ కనిపించే మరో మాట, డైవర్లు ‘ఆక్సిజన్ సిలిండర్లు’ ధరించి దిగారని. మామూలు డైవింగ్ సిలిండర్‌లో ఉండేది మనం పీల్చే గాలే. 21 శాతం ఆక్సిజన్, మిగిలినదంతా దాదాపు నైట్రోజనే. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను పీల్చుతూ ఆరు మీటర్ల కంటే లోతుకు పోతే అదే విషమై మూర్ఛ తెప్పించవచ్చు. నీటి కింద మూర్ఛ వస్తే నోటి నుంచి రెగ్యులేటర్ జారిపోతుంది. ఆ తర్వాత జరిగేది చెప్పనక్కర్లేదు.

మాటలో దొర్లిన ఈ తప్పు చేతల్లోకి దిగితే ఎలా ఉంటుందో రైల్వే ఊళ్లో ఊహించడం తేలిక. వర్క్‌షాపుల్లో, ఆస్పత్రుల్లో, వీధి చివరి వెల్డింగ్ షెడ్డులో ఆక్సిజన్ దొరుకుతుంది. గాలి నింపే కంప్రెసర్ వంద కిలోమీటర్ల అవతల ఉండి, గట్టున బంధువులు తొందరపెడుతుంటే ‘ఆక్సిజనే కదా, ఇక్కడే నింపేద్దాం’ అనే మనిషి ఎవరో ఒకరు తగులుతారు. ఆ మాటను అక్కడే ఆపాలి. ఆక్సిజన్ ఉన్న చోట నూనె, గ్రీజు తగిలితే మంట పుడుతుందని మా వీధి పెద్దాయనకు తెలుసు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను నూనె చేత్తో ముట్టుకోనివ్వని తరం ఆయనది. గాలి కోసం చేసిన డైవింగ్ పరికరాలను ఆక్సిజన్ కోసం ప్రత్యేకంగా శుభ్రం చేసి ఉండరు. వాటిలోకి ఆక్సిజన్ ఎక్కిస్తే గట్టు మీదే అగ్గి రాజుకోవచ్చు.

మామూలు గాలి అయినా ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పంక్చర్ షాపు కంప్రెసర్, వర్క్‌షాప్‌లో పనిముట్లు నడిపే గాలి మనిషి పీల్చడానికి పనికిరావు. అందులో నూనె తుంపరలుంటాయి. డైవింగ్ కంప్రెసర్‌కు తేమను, నూనెను, వాసనను పట్టే ఫిల్టర్లుంటాయి. వాటిని గడువులోగా మార్చాలి. కంప్రెసర్ గాలిని పీల్చుకునే గొట్టాన్ని ఇంజన్ పొగ వచ్చే వైపు పెట్టకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గట్టు మీద కాస్త తలనొప్పి తెప్పించే మోతాదే ముప్పై మీటర్ల లోతులో స్పృహ తప్పించగలదు, ఎందుకంటే అక్కడ పీల్చే ప్రతి శ్వాసలోనూ నాలుగు రెట్ల గాలి ఉంటుంది.

పాత ఉక్కు సిలిండర్లతో ఇంకో చిక్కు ఉంది. లోపల తేమ చేరితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ను తినేయడం. నెలల తరబడి మూలన పడేసిన సిలిండర్‌లో గేజి నిండుగా చూపించినా, లోపలి గాలిలో ఊపిరికి చాలినంత ఆక్సిజన్ మిగలకపోవచ్చు. అందుకే సిలిండర్‌ను పూర్తిగా ఖాళీ చేయకుండా కొంత పీడనం మిగిల్చి వాల్వు మూయాలి. ఏడాదికోసారి లోపల చూపించాలి. పాత గాలిని వదిలేసి కొత్తగా నింపాకే దిగాలి.

గార్డు చూసే ముల్లు

వాల్వు సగమే తెరిచి ఉన్నా గట్టు మీద ఊపిరి బాగానే ఆడుతుంది. లోతుకు వెళ్లి ఎక్కువ గాలి అవసరమైనప్పుడు ఆ సన్నని దారి చాలదు. దీన్ని పట్టుకునే ఉపాయం తేలికైనది. రెగ్యులేటర్‌తో నాలుగైదు సార్లు గట్టిగా ఊపిరి పీలుస్తూ గేజి ముల్లును చూడాలి. ముల్లు కదలకుండా నిలిస్తే వాల్వు పూర్తిగా తెరిచినట్టు. ప్రతి శ్వాసకూ ముల్లు కిందికి పడి లేస్తుంటే ఆగిపోవాలి.

రైల్వే వాళ్లకు ఇది కొత్తగా తోచదు. బోగీల మధ్య యాంగిల్ కాక్ మూసుకుపోతే ఇంజన్‌లో పీడనం నిండుగానే కనిపిస్తుంది, వెనుక బోగీలకు మాత్రం బ్రేకు పడదు. అందుకే బయల్దేరే ముందు ఆఖరి పెట్టెలో గార్డు తన గేజి చూస్తాడు. ముందున్న డ్రైవరు మాట, వెనుకున్న గార్డు మాట కలిస్తేనే రైలు కదులుతుంది. డైవింగ్‌లో కూడా సిలిండర్ తగిలించుకున్న మనిషి ఒక్కడే చూసుకుంటే చాలదు. జతగాడు కూడా చూసి, ఇద్దరూ పైకి చెప్పాలి.

గాలి లెక్క ఎంత కఠినమైనదో చూడండి. తీరిగ్గా ఉన్న మనిషికి నిమిషానికి సుమారు 20 లీటర్ల గాలి అనుకుంటే, 2,200 లీటర్ల సిలిండర్ గట్టు మీద 110 నిమిషాలు వస్తుంది. ముప్పై మీటర్ల లోతులో అదే సిలిండర్ 27 నిమిషాలకు అయిపోతుంది. చీకటి నీటిలో, ప్రవాహానికి ఎదురీదుతూ వెతికే మనిషికి ఇంకా తొందరగా. తిరుగు ప్రయాణానికి, ఆపదకు మిగల్చాల్సిన గాలి తీసేస్తే పనికి దొరికే సమయం చాలా కొంచెం. నిండు సిలిండర్ అనుకుని మూడొంతులే ఉన్నదాన్ని తగిలించుకుంటే పోయేది ఆ మిగులే.

ప్రపంచానికంతటికీ ఈ పాఠం నేర్పింది 2018 నాటి థాయ్‌లాండ్ గుహ. థామ్ లుఆంగ్ గుహలో చిక్కుకున్న పన్నెండు మంది పిల్లలను, వాళ్ల కోచ్‌ను బయటికి తీసుకురావడానికి దారి పొడవునా గాలి సిలిండర్లు చేరవేసి పెట్టారు. జులై 6న ఆ పని చేసి తిరిగొస్తూ థాయ్ నౌకాదళ మాజీ డైవర్ సమన్ కునన్ ప్రాణాలు కోల్పోయారు. నాలుగు రోజుల తర్వాత పదమూడు మందీ క్షేమంగా బయటపడ్డారు. సిలిండర్లు సర్దడం డైవింగ్‌కు ముందు చేసే చిల్లర పని కాదని, అదే ప్రాణాలతో చెలగాటమని ఆ మరణం చెబుతోంది.

విశాఖ నుంచి కచ్చులూరు దాకా

మన దేశంలో ఈ క్రమశిక్షణకు లోటు లేదు, అది కొందరి దగ్గరే ఉండిపోవడం లోటు. కోచిలో నౌకాదళ డైవింగ్ పాఠశాల ఉంది. 1971లో విశాఖ సమీపంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాల దగ్గర దిగింది నాటి ఐఎన్‌ఎస్ నిస్తార్ డైవర్లు. అదే పేరుతో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నిస్తార్ 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు దాకా డైవర్లను దించగల నౌక అది. అలాంటి నౌక మీద ప్రతి సిలిండర్‌కూ ఒక నంబరు, ఒక చోటు, ఒక లెక్క, ఒక బాధ్యుడు ఉంటారు.

అయితే ఆపద నౌక దగ్గరికి రాదు. 2018 డిసెంబరులో మేఘాలయలోని క్సాన్ గనిలోకి నీరు చొరబడి పదిహేను మంది చిక్కుకున్నప్పుడు విశాఖ నుంచి నౌకాదళ డైవర్లు ఆ కొండల్లోకి వెళ్లాల్సి వచ్చింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు నౌకాదళం, ఎన్డీఆర్‌ఎఫ్ బృందాలు గాలించాయి. సుడులు, ఉద్ధృతి, బురదనీరు వాళ్లకు అడ్డుపడ్డాయి. చివరికి అక్టోబరు 22న పడవను బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. స్థానిక అనుభవం, పెద్ద సంస్థల పరికరాలు ఒకే గట్టున కలిసి పనిచేయాల్సి వస్తుందని కచ్చులూరు చూపించింది. రకరకాల బృందాల సిలిండర్లు ఒకే చోట చేరితే ఏది ఎవరిది, ఏది నిండు, ఏది ఖాళీ అన్న గందరగోళానికి తావుంటుంది. అక్కడ అందరికీ ఒకే గుర్తులు, ఒకే పద్ధతి ఉండాలి.

చట్టం లేక కాదు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ నియమాలు సిలిండర్లను జారవిడవడాన్ని, పడేయడాన్ని, వాటితో ఆటలాడటాన్ని నిషేధించాయి. వాల్వుకు నూనె పూయవద్దన్నాయి. ట్రాలీలు, ఊయల చట్రాలు వాడాలన్నాయి. ప్రమాదకర సరుకును అనుమతి లేకుండా రైలెక్కించడం రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం. ఒత్తిడితో నింపిన గ్యాస్‌లు ఆ సరుకుల పద్దులోనే వస్తాయి. బెర్తు కింద నిండు సిలిండర్ తోసి ప్రయాణించాలనుకునే ఔత్సాహికులు ఇది గుర్తుంచుకోవాలి. విమానంలో అయితే సిలిండర్‌ను ఖాళీ చేసి, వాల్వు తెరిచో తీసేసో చూపించాలి.

భద్రత అంటే కాపలా కూడా

రక్షణ రంగంలో సిలిండర్‌ను ‘భద్రపరచడం’ అంటే కట్టడం ఒక్కటే కాదు, కాపలా కాయడం కూడా. నౌక అడుగున పేలుడు పదార్థాల కోసం, వంతెన స్తంభాల దగ్గర అనుమానాస్పద వస్తువుల కోసం డైవర్లు వెతుకుతారు. రాత్రంతా గట్టున వదిలేసిన సిలిండర్ వాల్వును ఎవరో తిప్పి ఉండవచ్చు, నింపిన గాలి మారి ఉండవచ్చు. నింపిన వెంటనే వాల్వు నోటికి మూతపెట్టి, టేపు చుట్టి, దాని మీద తేదీ, పీడనం, లోపల ఉన్నదేమిటో, పరీక్షించినవారి సంతకం రాయాలి. టేపు చిరిగి ఉంటే ఆ సిలిండర్ ఆ రోజు నీటిలోకి దిగదు. నైట్రాక్స్ వంటి మిశ్రమం అయితే దిగబోయే డైవర్ స్వయంగా మీటరుతో ఆక్సిజన్ శాతం చూసుకోవాలి.

2025 మే నెలలో దేశవ్యాప్తంగా పౌర రక్షణ విన్యాసాలకు కేంద్రం ఎంపిక చేసిన చోట్లలో ఖరగ్‌పూర్ కూడా ఉంది. సైరన్లు మోగించారు, దీపాలార్పారు. అలాంటి విన్యాసంలో ఒక గంట చెరువు గట్టుకూ కేటాయించాలన్నది నా మాట. పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి గాలింపు బృందంలో ఒకరిని సిలిండర్ల బాధ్యుడిగా నియమించాలి. ఆయన నీటిలోకి దిగడు, ఫోన్ తీయడు. జనానికి పది అడుగుల దూరంలో తాడు కట్టి, నిండు సిలిండర్లు ఒకవైపు, వాడినవి మరోవైపు పడుకోబెట్టి ఉంచుతాడు. ప్రతిదాని గేజి చూసి పుస్తకంలో రాస్తాడు. ఆయన సంతకం లేకుండా సిలిండర్ డైవర్ వీపెక్కదు. కలెక్టరు వచ్చినా, ఎమ్మెల్యే వచ్చినా, బంధువులు కాళ్లు పట్టుకున్నా ఆ రెండు నిమిషాలు తగ్గవు.

అందుకు పనికొచ్చే మనుషులు మన మధ్యనే ఉన్నారు. ఖరగ్‌పూర్, కాజీపేట, లాలాగూడ, రాయనపాడు, ఎక్కడ రైల్వే వర్క్‌షాపులు, షెడ్లు ఉంటే అక్కడ సిలిండర్‌ను గొలుసుతో కట్టి, టోపీ పెట్టి, నూనె చెయ్యి తగలనివ్వకుండా ఉద్యోగ జీవితమంతా గడిపిన విశ్రాంత కార్మికులు ఉన్నారు. వాళ్లకు డైవింగ్ నేర్పనక్కర్లేదు, రెండు పూటల శిక్షణ చాలు. జిల్లా విపత్తు నిర్వహణ యంత్రాంగం ఒక్కో చోట నలుగురిని పిలిచి ఆ బాధ్యత అప్పగిస్తే, అదనపు పరికరం ఒక్కటీ కొనకుండానే డైవర్‌కు రక్షణ పెరుగుతుంది. పోయినవారి కోసం వెతికే పనిలో మరొకరు పోకూడదు.